షుగర్ ఉన్న తల్లి కాన్పు: చెన్నై పాఠకుల ప్రశ్నలు, వైద్యుల జవాబులు

చెన్నై పాఠకులు పంపిన ప్రశ్నల్లో ఈసారి షుగర్‌తో కాన్పుకి వెళ్లేవాళ్లవి తీసుకున్నాం. ప్రసూతి, మధుమేహ, నవజాత శిశు వైద్యులు కలిసి జవాబులిచ్చారు. షుగర్ అంకెలన్నీ డెసిలీటరు రక్తానికి మిల్లీగ్రాముల లెక్క. మందు మోతాదు విషయంలో మాత్రం మిమ్మల్ని చూస్తున్న డాక్టరు మాటే ఖాయం.

*ప్రశ్న: నాకు 34 వారాలు. 28వ వారంలో షుగర్ బయటపడింది. రాత్రి పడుకునే ముందు 8 యూనిట్ల ఇన్సులిన్ వేసుకుంటున్నాను. పరగడుపున 90 లోపు, తిన్న రెండు గంటలకి 115 దాకా ఉంటోంది. ఇన్సులిన్ దాకా వచ్చిందంటే ఇక సిజేరియనే అని మా అత్తగారు అంటున్నారు. నిజమేనా? నెలలు నిండకముందే కాన్పు చేసేస్తారా? (పెరంబూరు)*

కాదమ్మా. షుగర్ ఉండటం, దానికి ఇన్సులిన్ వేసుకోవడం, ఈ రెండూ సిజేరియన్‌కి కారణాలు కావు. మన కేంద్ర ఆరోగ్య శాఖ మార్గదర్శకాలు కూడా మామూలు కాన్పుకే మొగ్గు చూపమంటాయి. ఏ గర్భిణికైనా ఆపరేషన్ చేయాల్సి వచ్చే కారణాలు ఉంటేనే మీకూ చేస్తారు. బిడ్డ అడ్డం తిరగడం, మాయ కిందికి ఉండటం, నొప్పులు సాగకపోవడం, బిడ్డ గుండె వేగం పడిపోవడం వంటివి. షుగర్ వల్ల అదనంగా చేరే కారణం ఒక్కటే: బిడ్డ బరువు.

తల్లి రక్తంలో ఎక్కువైన గ్లూకోజ్ మాయ దాటి బిడ్డకి చేరుతుంది. తల్లి ఇన్సులిన్ మాత్రం దాటదు. కాబట్టి ఆ గ్లూకోజ్‌ని సర్దుకోవడానికి బిడ్డ క్లోమమే ఎక్కువ ఇన్సులిన్ చేస్తుంది. ఆ ఇన్సులిన్ బిడ్డ పొట్ట చుట్టూ, భుజాల దగ్గర కొవ్వు పెంచుతుంది. మామూలు బిడ్డకి తలే పెద్దది, తల బయటికొస్తే మిగతా ఒళ్లు జారిపోతుంది. షుగర్ అదుపులో లేని తల్లి బిడ్డకి తల వచ్చాక భుజం తల్లి కటి ఎముక దగ్గర ఇరుక్కోవచ్చు. కాన్పు గదిలో డాక్టర్లు నిజంగా భయపడేది దీనికే. అందుకే స్కానింగ్‌లో బిడ్డ అంచనా బరువు 4 కిలోలు దాటితే 39వ వారంలో సిజేరియన్ సంగతి మీతో మాట్లాడతారు. అయితే ఈ అంచనా బరువు 10 నుంచి 15 శాతం వరకు అటూ ఇటూ కావడం మామూలే. 3.6 కిలోలని రిపోర్టు వచ్చినంత మాత్రాన బెంబేలు పడకండి. రిపోర్టులో పొట్ట చుట్టుకొలత రెండు మూడు వారాల్లో ఎలా పెరిగిందో చూపించి చెప్పమని డాక్టర్ని అడగండి. ఒక్క రోజు బరువు కంటే ఆ పెరుగుదల తీరే ఎక్కువ విషయం చెబుతుంది.

ఇక ఎప్పుడంటారా? తిండి, నడకతోనే షుగర్ అదుపులో ఉన్నవాళ్లు 40వ వారం దాకా ఆగవచ్చు. 41 వారాలు నిండనివ్వరు. మీలా మందుతో అదుపులో ఉంటే సాధారణంగా 39వ వారంలో నొప్పులు తెప్పిస్తారు. షుగర్ అదుపు తప్పితేనో, బీపీ పెరిగితేనో, ఉమ్మనీరు బాగా ఎక్కువైతేనో అంతకుముందే చేయాల్సి రావచ్చు. ముహూర్తం బాగుందని 37వ వారంలో ఆపరేషన్ పెట్టించుకోవడం మాత్రం వద్దు. షుగర్ ఉన్న తల్లి బిడ్డకి ఊపిరితిత్తులు పక్వమవడం కాస్త ఆలస్యమవుతుంది. రెండు వారాలు ముందు బయటికి తీస్తే ఆయాసంతో ఐసీయూలో ఉండాల్సిన అవసరం పెరుగుతుంది. అన్నీ బాగున్నా బిడ్డ కదలిక మామూలు కంటే తగ్గిందనిపిస్తే మాత్రం రేపటి అపాయింట్‌మెంట్ దాకా ఆగకండి. ఆ గంటలోనే వెళ్లండి, అర్ధరాత్రయినా సరే.

మీ అంకెలు బాగున్నాయి. పరగడుపున 95 లోపు, తిన్న రెండు గంటలకి 120 లోపు ఉండాలన్నదే లక్ష్యం. మీరు అందులోనే ఉన్నారు.

*ప్రశ్న: మా అమ్మాయి టిఫిన్ తిని వెళ్తే, అలాగే గ్లూకోజ్ నీళ్లు తాగించి రక్తం తీశారు. పరగడుపున కదా చేయాల్సింది? ఆ పరీక్ష చెల్లుతుందా? (విల్లివాక్కం)*

చెల్లుతుంది. ఈ పద్ధతి మీ ఊళ్లోనే రూపుదిద్దుకుంది. గర్భిణుల మధుమేహం మీద చెన్నైలో పనిచేసిన డాక్టర్ వి. శేషయ్య పుట్టినరోజైన మార్చి 10ని దేశమంతా గర్భధారణ మధుమేహ అవగాహన దినంగా జరుపుతారు. దూరం నుంచి బస్సెక్కి వచ్చే గర్భిణిని కడుపు మాడ్చుకుని రమ్మంటే, మళ్లీ రమ్మంటే, చాలామంది రారు. అందుకని తిన్నా తినకపోయినా 75 గ్రాముల గ్లూకోజ్‌ని 300 మిల్లీలీటర్ల నీళ్లలో కలిపి 5 నుంచి 10 నిమిషాల్లో తాగిస్తారు. రెండు గంటలకి ఒక్కసారి రక్తం చూస్తారు. 140 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే షుగర్ ఉన్నట్టే. తాగిన అరగంట లోపు వాంతి అయితే ఆ పరీక్ష లెక్కలోకి రాదు, మర్నాడు మళ్లీ చేయాలి. అరగంట దాటాక అయితే కొనసాగించవచ్చు. మొదటిసారి ఆసుపత్రికి వెళ్లినప్పుడే ఒకటి, అది మామూలుగా ఉంటే 24 నుంచి 28 వారాల మధ్య మరొకటి చేయించాలి. రెండోది మానేసేవాళ్లు చాలామంది. గర్భంలో వచ్చే షుగర్ ఎక్కువగా బయటపడేది ఆ రెండోసారే.

*ప్రశ్న: నా భార్యకి 14వ ఏట నుంచి టైప్ 1 షుగర్ (ఒళ్లు ఇన్సులిన్ చేసుకోలేని రకం). రోజూ నాలుగు సూదులు. ఇప్పుడు 36 వారాలు. కాన్పు రోజున ఇన్సులిన్ ఎవరు చూస్తారు, ఎంత వేస్తారు? మేం అడిగితే 'అదంతా మేం చూసుకుంటాం' అంటున్నారు. నాకు నిద్ర పట్టడం లేదు. (వేళచ్చేరి)*

మీరు అడగాల్సిన ప్రశ్నే అడిగారు. 'మేం చూసుకుంటాం' అన్న జవాబుతో సరిపెట్టుకోకండి. లేబర్ వార్డులో షిఫ్టులు మారతాయి. రాత్రి డ్యూటీలో ఉన్న డాక్టరుకి, సిస్టర్‌కి టైప్ 1 తల్లిని చూసిన అలవాటు లేకపోవచ్చు. అందుకే ఈ వారమే ప్రసూతి డాక్టరు, షుగర్ డాక్టరు ఇద్దరి సంతకాలతో ఒక పేజీ ప్లాను రాయించుకోండి. ఒక కాపీ ఆసుపత్రి ఫైల్లో, ఒకటి మీ సంచిలో, ఒక ఫొటో మీ ఫోన్‌లో ఉండాలి.

అందులో మొదట రాయాల్సిన వాక్యం: ఈమెది టైప్ 1, ఇన్సులిన్ పూర్తిగా ఎప్పుడూ ఆపకూడదు. గర్భంలో వచ్చే షుగర్‌కి కాన్పు రోజున మందులు ఆపేయడం మామూలు. ఆ అలవాటులో టైప్ 1 తల్లికి కూడా 'భోజనం లేదు కదా, ఇన్సులిన్ ఎందుకు' అని ఆపేస్తే కొన్ని గంటల్లో ఒంట్లో కీటోన్లు అనే ఆమ్లాలు పేరుకుంటాయి. గర్భిణికి షుగర్ 200 దగ్గర ఉన్నప్పుడే ఈ ప్రమాదం రావచ్చు, 400 దాటక్కర్లేదు. వాంతులు, కడుపునొప్పి, ఎగశ్వాస కనిపిస్తే అవి నొప్పుల వల్లే అనుకోకుండా కీటోన్లు చూడాలి.

నొప్పులు సరిగ్గా మొదలయ్యాక చాలాచోట్ల చేసే పద్ధతి చెబుతాం. ఒక చేతికి గ్లూకోజ్ సెలైన్ పెడతారు. ఇంకో లైనులో సిరంజి పంపు ద్వారా ఇన్సులిన్ ఇస్తారు. 50 మిల్లీలీటర్ల సెలైన్‌లో 50 యూనిట్ల రెగ్యులర్ ఇన్సులిన్ కలుపుతారు, అంటే మిల్లీలీటరుకి ఒక యూనిట్. గంటకోసారి వేలి నుంచి రక్తం తీసి షుగర్ చూస్తూ పంపు వేగం మారుస్తారు. 70 కంటే తగ్గకుండా, 126 దాటకుండా ఉంచాలన్నది లక్ష్యం. ఆ కొన్ని గంటల్లో తల్లి షుగర్ 180, 200 ఉంటే బిడ్డ క్లోమం దానికి తగ్గట్టు ఇన్సులిన్ చేస్తుంది. బొడ్డుతాడు కోయగానే గ్లూకోజ్ రాక ఆగిపోతుంది గానీ, బిడ్డ ఒంట్లో ఆ ఇన్సులిన్ ఇంకా ఉంటుంది. దాంతో బిడ్డ షుగర్ పడిపోతుంది. తొమ్మిది నెలలు అదుపులో పెట్టుకున్నవాళ్లకి కూడా ఈ చివరి గంటలు అంత ముఖ్యమైనవి.

మీ ఆవిడకి చేతికి అంటించే సెన్సార్ ఉంటే ఉంచుకోనివ్వమనండి. కానీ డోసు మార్చేటప్పుడు వేలి రక్తంతోనే మార్చాలి. ఆపరేషన్ జరిగే చోటికి దగ్గరగా సెన్సార్ అంటించకండి.

సిజేరియన్ అయితే పొద్దున మొదటి కేసుగా పెట్టమని అడగండి. మధ్యాహ్నం దాకా పస్తు ఉంచితే షుగర్ పడుతూ లేస్తూ ఉంటుంది. ముందు రోజు రాత్రి వేసుకునే, రోజంతా నిలకడగా పనిచేసే ఇన్సులిన్‌ని కొంత, చాలామందికి 20 శాతం వరకు, తగ్గించమంటారు. మానమనరు. పొద్దున భోజనం ఇన్సులిన్ మాత్రం వద్దు.

ఇక అందరూ మరిచిపోయే ఘట్టం, మాయ బయటపడ్డాక. నెలలు నిండేసరికి మీ ఆవిడ మోతాదు గర్భానికి ముందున్న దానికి రెండు మూడు రెట్లు అయి ఉంటుంది. ఇన్సులిన్‌ని పనిచేయనివ్వని హార్మోన్లు మాయలోంచే వస్తాయి. మాయ బయటికి రాగానే, గంటల్లోనే, ఒళ్లు పాత స్థితికి తిరుగుతుంది. కొందరికి ఒకటి రెండు రోజులు గర్భానికి ముందు కంటే కూడా తక్కువ చాలు. ప్లానులో దీని కోసం విడిగా ఒక గడి పెట్టించండి. మాయ పడగానే డ్రిప్పు వేగం సగం చేయాలి. మొదటి భోజనంతో మొదలుపెట్టే సూదుల మోతాదు ఇంత అని అంకెల్లో రాయాలి. గర్భానికి ముందు మోతాదు కంటే పావు వంతు తగ్గించి మొదలుపెట్టడం ఎక్కువమంది పాటించే లెక్క. కాన్పు ముందు రోజు చీటీలో ఉన్న మోతాదే మర్నాడు వేస్తే షుగర్ పడిపోయి బాలింత స్పృహ తప్పవచ్చు. పాత మోతాదు, కొత్త మోతాదు రెండూ మీకు నోటికి వచ్చి ఉండాలి.

మరొక్క మాట. ఈ చివరి వారాల్లో కారణం లేకుండా ఇన్సులిన్ అవసరం ఒక్కసారిగా తగ్గి, షుగర్ తరచూ పడిపోతుంటే 'బాగుపడింది' అని సంతోషించకండి. మాయ సరిగా పనిచేస్తోందో లేదో చూడాల్సిన సంకేతం అది. అదే రోజు ఆసుపత్రికి వెళ్లి బిడ్డ గుండె చప్పుడు, కదలికలు చూపించండి.

*ప్రశ్న: మా కోడలికి ఏడో నెలలో సీమంతం. షుగర్ ఉందని చలిమిడి కూడా పెట్టొద్దంటున్నారు. చలిమిడి లేకుండా సీమంతం ఏమిటండీ? (ఆవడి)*

పెట్టండమ్మా, మనసు కష్టపెట్టుకోకండి. ఒడిలో పెట్టే చలిమిడి పెట్టండి, అందరికీ పంచండి. కోడలు గోలీకాయంత నోట్లో వేసుకుంటే చాలు. నిమ్మకాయంత ఉండ తింటే బెల్లం, బియ్యప్పిండి కలిసి 20 గ్రాములకు పైగా పిండిపదార్థం ఒక్కసారే వెళ్తుంది. ఆ చిన్న ముద్ద కూడా పరగడుపున కాకుండా భోజనం చివర్లో పెట్టండి. ఆ పూట అన్నం ఒక గరిటె తగ్గించి పప్పు, కూర, పెరుగు ఎక్కువ వడ్డించండి. పులిహోర, చిత్రాన్నం, దద్ధోజనం మూడూ విస్తట్లో పెడితే అవి మూడూ అన్నమే, ఒకటే ఎంచుకోమనండి. పేరంటానికి వచ్చినవాళ్లు తలా ఒక స్వీటు నోట్లో పెట్టడం దగ్గరే లెక్క తప్పుతుంది. స్వీట్ల పళ్లెం పక్కన జామకాయ ముక్కలో, వేయించిన పల్లీలో ఉంచితే వాళ్ల ముచ్చటా తీరుతుంది. భోజనమయ్యాక 15 నిమిషాలు మెల్లగా నడవనివ్వండి, కుర్చీలో గంటలు గంటలు కూర్చోబెట్టకండి.

*ప్రశ్న: 32వ వారంలో నెలలు నిండకుండానే నొప్పులొస్తే బిడ్డ ఊపిరితిత్తుల కోసమని రెండు రోజులు సూదులు ఇచ్చారు. షుగర్ 130 ఉండేది 240కి పోయింది. మందు పడలేదా? (అంబత్తూరు)*

అవి స్టెరాయిడ్లు. మన దగ్గర ఎక్కువగా డెక్సామెథసోన్ 6 మిల్లీగ్రాములు 12 గంటలకొకటి చొప్పున నాలుగు ఇస్తారు. షుగర్ పెంచడం వాటి గుణం. మొదటి సూది పడిన కొన్ని గంటలకి మొదలై మూడు నాలుగు రోజులు, ఒక్కోసారి అయిదు రోజులు అలా ఉండి దిగుతుంది. బిడ్డకి వాటి అవసరం ఎక్కువ కాబట్టి షుగర్ ఉన్న తల్లికి కూడా మానరు. ఆసుపత్రిలో ఉంచి, తరచూ షుగర్ చూస్తూ, ఇన్సులిన్ పెంచి ఇస్తారు. తిండితోనే అదుపులో ఉన్నవాళ్లకి కూడా ఆ నాలుగు రోజులు ఇన్సులిన్ పట్టొచ్చు. ఆ తర్వాత మోతాదు మళ్లీ తగ్గించాలి, లేకపోతే షుగర్ పడిపోతుంది. ఇంటికి పంపేటప్పుడు పెంచిన డోసుతోనే పంపారేమో అడిగి చూసుకోండి. నొప్పులు ఆపడానికి ఇచ్చే మందుల్లో టెర్బుటాలిన్ వంటివి కూడా షుగర్ పెంచుతాయి. అందుకే షుగర్ ఉన్నవాళ్లకి నిఫెడిపిన్ లాంటివి వాడతారు.

*ప్రశ్న: పుట్టగానే బిడ్డని ఐసీయూకి తీసుకెళ్లి డబ్బాపాలు పడతారని విన్నాను. అలా కాకుండా ఉండాలంటే ఏం చేయాలి? మా అమ్మ తేనె నాకిస్తే షుగర్ పడదంటుంది. (మాధవరం)*

తేనె గురించి ముందు చెబుతాం. వద్దే వద్దు. తేనెలో ఒక్కోసారి ఉండే క్రిమి బీజాలు ఏడాది లోపు పిల్లల పేగుల్లో మొలకెత్తి, కండరాలు చచ్చుబడే బోటులిజం అనే జబ్బు తెస్తాయి. చక్కెర నీళ్లు, బెల్లం నీళ్లు, గ్లూకోజ్ పొడి నీళ్లు కూడా వద్దు. ఒక్కసారిగా చక్కెర వెళ్తే బిడ్డ ఇన్సులిన్ మళ్లీ ఎగబాకి, కాసేపటికి షుగర్ ఇంకా కిందికి పడుతుంది.

షుగర్ ఉన్న తల్లి బిడ్డని ఊరికే ఐసీయూకి తీసుకెళ్లాల్సిన పని లేదు. బిడ్డ బాగా ఏడ్చి, ఊపిరి బాగా తీసుకుంటుంటే తల్లి దగ్గరే ఉంచి చూసుకోవచ్చు. పుట్టగానే తుడిచి, బట్ట అడ్డం లేకుండా తల్లి రొమ్ముల మధ్య పడుకోబెట్టి, మీద దుప్పటి, తలకి టోపీ పెట్టాలి. ఇది ముద్దు కోసం చేసేది కాదు. చలికి ఒళ్లు వేడి పుట్టించుకోవడానికి బిడ్డ ఉన్న కాస్త గ్లూకోజ్‌నీ ఖర్చు చేసేస్తుంది. చెన్నైలో కాన్పు గదుల ఏసీ పెద్దవాళ్లకే వణుకు పుట్టించేలా ఉంటుంది, బిడ్డ ఉన్నంతసేపు తగ్గించమని అడగడానికి మొహమాటపడకండి. మొదటి స్నానం ఒక రోజు ఆగాక.

మొదటి పాలు అరగంట లోపే పట్టాలి, ఎంత ఆలస్యమైనా గంట దాటకూడదు. తర్వాత రెండు మూడు గంటలకోసారి, నిద్రలో ఉన్నా లేపి పట్టాలి. పుట్టిన ఏ బిడ్డకైనా మొదటి ఒకటి రెండు గంటల్లో షుగర్ బాగా కిందికి దిగి మళ్లీ లేస్తుంది. మీ బిడ్డకి ఆ దిగడం ఎక్కువ ఉండొచ్చు కాబట్టి మడమ నుంచి చుక్క రక్తం తీసి చూస్తారు. మొదటిది గంటకి, తర్వాత పాలు పట్టే ముందు, కనీసం 24 గంటలు. వరసగా నాలుగైదు రీడింగులు బాగుంటే ఆపేస్తారు. 45 కంటే తక్కువైతే తక్కువ కింద లెక్క. గ్లూకోమీటరు ఇంత తక్కువ అంకెల దగ్గర కాస్త తప్పు చూపిస్తుంది కాబట్టి ల్యాబుకి కూడా పంపిస్తారు, కానీ ఆ రిపోర్టు వచ్చేదాకా ఆగకుండా పాలు పడతారు. 40 శాతం డెక్స్‌ట్రోజ్ జెల్ ఉన్న ఆసుపత్రుల్లో కిలోకి అర మిల్లీలీటరు లెక్కన, అంటే 3 కిలోల బిడ్డకి ఒకటిన్నర మిల్లీలీటరు, బుగ్గ లోపల రుద్ది వెంటనే పాలిస్తారు. దీన్ని ఇంటి చక్కెర నీళ్లతో పోల్చకండి. కొలత ఉంది, వెంటనే పాలున్నాయి, అరగంటకి మళ్లీ రక్తం చూడటం ఉంది. అప్పటికీ లేవకపోతే, లేదా బిడ్డ వణుకుతూ, సోలిపోయి, పాలు పీల్చకుండా, ఊపిరి ఆపుతూ ఉంటే అప్పుడు ఐసీయూ. అక్కడ నరంలోకి 10 శాతం గ్లూకోజ్ కిలోకి 2 మిల్లీలీటర్లు ఇచ్చి, తర్వాత సన్నగా డ్రిప్పు నడుపుతారు. ఎక్కువమంది బిడ్డలు ఒకటి రెండు రోజుల్లో సర్దుకుంటారు.

మీ చేతిలో ఉన్న మరో ఉపాయం ముర్రుపాలు ముందే తీసి దాచడం. షుగర్ ఉన్న తల్లులకి పాలు బాగా పడటం ఒక రోజు ఆలస్యం కావొచ్చు. డాక్టరు సరేనంటే 36 వారాలు నిండాక రోజుకి రెండుసార్లు, ఒక్కోసారి 10 నిమిషాలు మించకుండా చేత్తో పిండండి. యంత్రం వద్దు. బొటనవేలు ఒకవైపు, రెండు వేళ్లు రెండో వైపు, నల్లటి వలయం అంచుకి కాస్త వెనక పెట్టి, లోపలికి నొక్కి దగ్గరికి తేవాలి. మొదటి రోజుల్లో నాలుగు చుక్కలే వస్తాయి, అవి చాలు. సూది లేని ఒక మిల్లీలీటరు సిరంజిలోకి నేరుగా పీల్చి, మూత పెట్టి, పేరు, తేదీ రాసి డీప్ ఫ్రీజర్‌లో పెట్టండి. ఆసుపత్రికి ఐస్ ప్యాక్‌తో తీసుకెళ్లండి. కరిగాక 24 గంటల్లో వాడేయాలి, మళ్లీ గడ్డకట్టించకూడదు. పిండుతుంటే కడుపు గట్టిపడి నొప్పులొస్తే ఆపేయండి. నెలలు నిండకుండా నొప్పులొచ్చినవాళ్లు, గర్భసంచి ముఖద్వారానికి కుట్టు వేయించుకున్నవాళ్లు, మాయ కిందికి ఉన్నవాళ్లు ఈ పని చేయకూడదు.

ముర్రుపాలు ఉన్నా ఒక్కోసారి సరిపోక దాత పాలో, డబ్బాపాలో కొంచెం పట్టాల్సి రావచ్చు. అది మీ ఓటమి కాదు. షుగర్ నిలబడ్డాక బిడ్డ మళ్లీ పూర్తిగా మీ పాల మీదికే వస్తుంది.

*ప్రశ్న: మొదటి కాన్పుకి పుట్టిల్లు నెల్లూరు వెళ్తున్నాను. ఇన్సులిన్ మీద ఉన్నాను. ఏమేం చూసుకోవాలి? (తిరువొట్రియూరు)*

34 వారాల లోపే వెళ్లండి. ఆఖరి నెలలో కొత్త డాక్టరుకి మీ షుగర్ తీరు అర్థమయ్యేలోపే కాన్పు వచ్చేస్తుంది. ఆసుపత్రి ఎంచుకునేటప్పుడు రెండే ప్రశ్నలు అడగండి. నవజాత శిశువుల ఐసీయూ అదే భవనంలో ఉందా? రాత్రి రెండు గంటలకి కూడా గంటకోసారి షుగర్ చూసే ఏర్పాటు లేబర్ వార్డులో ఉందా? ఇంటికి దగ్గరని చిన్న నర్సింగ్ హోమ్‌కి వెళ్లి, పుట్టిన బిడ్డని అంబులెన్స్‌లో వేరే చోటికి తరలించడం కంటే ముందే అన్నీ ఉన్న చోటికి వెళ్లడం మేలు.

సంచిలో పెట్టుకోవాల్సినవి: స్కాన్లన్నీ, షుగర్ రాసుకున్న పుస్తకం, రక్తం గ్రూపు రిపోర్టు, తమిళనాడులో గర్భిణిగా నమోదైనప్పుడు ఇచ్చిన పిక్మీ నంబరు, గ్లూకోమీటరుతో పాటు కనీసం 50 స్ట్రిప్పులు, పెన్ను సూదులు, షుగర్ పడితే వెంటనే వేసుకోవడానికి 15 గ్రాముల గ్లూకోజ్ పొట్లాలు. తెరవని ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల్లో ఉండాలి. ఫ్రిజ్‌లో వెనక గోడకి తగిలేలా, ఫ్రీజర్ కింద పెడితే గడ్డకడుతుంది. ఒకసారి గడ్డకట్టింది కరిగినా పనికిరాదు. వాడుతున్న పెన్ను 30 డిగ్రీల లోపు అయితే చాలా రకాలకి 28 రోజులు బయట ఆగుతుంది. ఎండాకాలం మన రెండు ఊళ్లలోనూ ఆ 30 దాటడం పొద్దున్నే అయిపోతుంది కాబట్టి రైల్లో చల్లటి పౌచ్‌లో, ఐస్‌కి నేరుగా తగలకుండా బట్ట చుట్టి పెట్టండి. కిటికీ పక్కన ఎండ తగిలే చోట వద్దు.

*ప్రశ్న: కాన్పయిన మర్నాడే షుగర్ మామూలైంది, మందులు ఆపేశారు. ఇంకా పరీక్ష ఎందుకు? బాలింతనని కాయం తినమంటున్నారు, నీళ్లు తక్కువ తాగమంటున్నారు. ఏం చేయను? (సైదాపేట)*

మర్నాటి షుగర్ మాయ పోయిన షుగర్. మీ ఒంటి అసలు సంగతి ఆరు వారాలకి తెలుస్తుంది. అప్పుడు పరగడుపున ఒకసారి, 75 గ్రాముల గ్లూకోజ్ తాగాక రెండు గంటలకి ఒకసారి రక్తం ఇవ్వాలి. ఇది మాత్రం తినకుండా వెళ్లి చేయించుకోవాల్సిందే. పరగడుపుది 126 లేదా అంతకంటే ఎక్కువ గానీ, రెండు గంటలది 200 లేదా అంతకంటే ఎక్కువ గానీ ఉంటే షుగర్ జబ్బు నిలిచిపోయినట్టు. రెండు గంటలది 140 నుంచి 199 మధ్య ఉంటే అంచున ఉన్నట్టు. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ ఒక్కటి చాలదు. కాన్పులో రక్తం పోవడం, రక్తహీనత వల్ల అది తప్పు చూపిస్తుంది. ఫలితం మామూలుగా వచ్చినా ఏటా ఒకసారి చూపించుకోవాలి. గర్భంలో షుగర్ వచ్చినవాళ్లకి తర్వాతి ఏళ్లలో టైప్ 2 వచ్చే అవకాశం మిగతావాళ్ల కంటే ఎన్నో రెట్లు. మళ్లీ గర్భం అనుకుంటే ముందే పరీక్ష చేయించండి.

నీళ్లు తగ్గించకండి, దాహమైనప్పుడల్లా తాగండి. పాలిచ్చే తల్లికి నీళ్లు తగ్గితే మలబద్ధకం, మూత్రంలో మంట మొదలవుతాయి. కాయంలో శొంఠి, మిరియాలు, పిప్పళ్లతో ఇబ్బంది లేదు, బెల్లంతోనే ఇబ్బంది. బెల్లం లేకుండా కాస్త నేతితో ఉసిరికాయంత తినండి. పథ్యం పేరుతో మూడు పూటలా అన్నం, కారప్పొడి, నెయ్యి మాత్రమే పెడితే ఒప్పుకోకండి. పప్పు, గుడ్డు, ఆకుకూర, పెరుగు బాలింతకి కావాలి. పాలివ్వడం షుగర్‌ని అదుపులో ఉంచడానికీ సాయపడుతుంది. అవసరమైతే మెట్‌ఫార్మిన్, ఇన్సులిన్ రెండూ పాలిస్తూ వాడొచ్చు. ఇన్సులిన్ వేసుకునే బాలింతలకి రాత్రి పాలిచ్చాక షుగర్ పడే అవకాశం ఉంది కాబట్టి మంచం పక్కనే గ్లాసు పాలు, రెండు బిస్కెట్లు ఉంచుకోవాలి.

ఆరు వారాల పరీక్ష మరిచిపోకుండా ఉండాలంటే బిడ్డకి టీకాలు వేయించే రోజుకే పెట్టుకోండి. ఆ టీకాలూ ఆరు వారాలకే. పొద్దున్నే పరగడుపున వెళ్లి మొదటి రక్తం ఇచ్చి, గ్లూకోజ్ తాగి, బిడ్డకి టీకా వేయించి పాలిచ్చేసరికి రెండు గంటలు గడిచిపోతాయి. మీకు తోడు ఒకరిని, రెండో రక్తం ఇచ్చాక తినడానికి ఇడ్లీ డబ్బా తీసుకెళ్లండి.